మారుమూల వ్యాపారం – అంతర్జాల మార్గం

పాఠ్యాంశ పరిచయం

పూర్వం ఒక ఊరిలో వ్యాపారం ప్రారంభించదలచినవారు మూడు విషయాలు విచారించేవారు. బండి పోవడానికి బాట ఉన్నదా, తాగడానికి నీరు ఉన్నదా, సంత ఎంత దూరం అని. ఈ కాలంలో ఆ మూడింటికి నాల్గవ ప్రశ్న తోడయింది. ఆ ఊరికి అంతర్జాలం అందుతుందా, అందితే ఏ మార్గంలో అందుతుంది అన్నదే ఆ ప్రశ్న. నగరంలో ఈ ప్రశ్నకు సమాధానం సులభం. మారుమూల గ్రామంలో అదే ప్రశ్నపై ఒక కుటుంబం జీవనాధారం ఆధారపడి ఉంటుంది. యాదగిరిగుట్ట పరిసరాలను నేపథ్యంగా తీసుకొని, ఆ ఎంపికను ఆలోచనాపూర్వకంగా చేసే విధానాన్ని ఈ పాఠం వివరిస్తుంది.

1. గుట్ట చుట్టూ ఉన్న నేల

శ్రీ లక్ష్మీనరసింహస్వామి క్షేత్రమైన యాదగిరిగుట్ట హైదరాబాదుకు సుమారు 60 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. 2016 అక్టోబరు 11 వరకు ఇది నల్లగొండ జిల్లాలో ఉండేది. ఆనాటి నుండి యాదాద్రి భువనగిరి జిల్లాలో భాగమైనది. ఆలయ పునర్నిర్మాణం జరిగి 2022 మార్చి 28న మూలవిరాట్టు దర్శనాలు తిరిగి ప్రారంభమైనాయి. కార్తీకమాసంలోనూ, ఫాల్గుణమాసపు బ్రహ్మోత్సవాలలోనూ, ఆదివారాలలోనూ భక్తుల రాకపోకలతో గుట్ట కిక్కిరిసిపోతుంది.

గుట్టకు చేరువలోనే హైదరాబాదు – వరంగల్లు జాతీయ రహదారి సాగుతుంది. ఆ రహదారి వెంబడి ఉన్న పట్టణాలకు సమాచార సౌకర్యాలు ముందుగా వచ్చాయి. రహదారి దిగి పది కిలోమీటర్లు లోపలికి వెళితే పరిస్థితి వేరు. దక్షిణ తెలంగాణ పీఠభూమిలో అడుగడుగునా నల్లరాతి గుట్టలు కనిపిస్తాయి. భువనగిరి కోట నిలిచిన ఏకశిల ఈ నేల స్వభావానికి నిలువెత్తు నిదర్శనం. ఈ రాయి కందకం తవ్వేవానికి కష్టం కలిగిస్తుంది. గాలిలో సాగే రేడియో తరంగానికి అడ్డు నిలుస్తుంది. అందువల్ల ఒకే మండలంలో ఒక ఊరికి సంకేతం చక్కగా అంది, గుట్ట అవతలి ఊరికి బొత్తిగా అందకపోవడం వింత కాదు.

ఈ ప్రాంతానికి మరొక సంపద చేనేత. నూలును ముందుగానే కట్లుకట్టి, రంగులద్ది, ఆ తరువాత నేసే పోచంపల్లి ఇక్కత్ వస్త్రానికి 2005లో భౌగోళిక గుర్తింపు లభించింది. గుట్టకు సమీపంలోని ఒక గ్రామంలో ముగ్గురు యువకులు నగరంలోని కొలువులు విడిచి వచ్చి, తమ ఊరి నేతకారుల చీరలను నేరుగా కొనుగోలుదారులకు అమ్మే కేంద్రాన్ని నెలకొల్పదలచారనుకోవచ్చు. వారి పెట్టుబడి చిన్నది. ఒక పండుగ కాలపు అమ్మకం పోతే మరొక పండుగ వరకు నిలదొక్కుకునే శక్తి వారికి లేదు. కేంద్రం మూతపడితే వారు మళ్ళీ నగరానికి బస్సెక్కవలసిందే. నేతకారులు మళ్ళీ దళారినే ఆశ్రయించవలసిందే. అటువంటి వ్యాపారానికి అంతర్జాలం ఎలా ఎంచుకోవాలన్నది ఇక్కడి ప్రశ్న.

2. ముందు పని, తరువాత పరికరం

ఆలేరు మండలం శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి ఆసు పోస్తూ పడే భుజాల నొప్పిని చూసి లక్ష్మీ ఆసు యంత్రాన్ని రూపొందించారు. ఆ కృషికి 2017లో పద్మశ్రీ పురస్కారం లభించింది. ఆయన ముందు చేతి పనిని గమనించారు. ఆ పనికి తగినట్లు యంత్రాన్ని నిర్మించారు. అంతర్జాల మార్గాన్ని ఎంచుకొనేవారికి ఇదే మొదటి సూత్రం. ఏ సంస్థ ఎంత వేగం ఇస్తుందని విచారించడానికి ముందు, తమ పనికి ఏమి కావాలో లెక్క వేసుకోవాలి.

వేగాన్ని సెకనుకు ఇన్ని మెగాబిట్లు అని కొలుస్తారు. దస్త్రాల పరిమాణాన్ని మెగాబైట్లలో చెబుతారు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. ఈ భేదం తెలియనివారు తమకు చెప్పిన వేగాన్ని ఎనిమిది రెట్లు ఎక్కువగా ఊహించుకొని మోసపోయామని బాధపడతారు.

పైన చెప్పిన కేంద్రంలో ప్రతిదినం రెండు వందల చీరల ఛాయాచిత్రాలు కొనుగోలుదారులకు పంపవలసి ఉన్నదనుకుంటే, ఒక్కొక్క చిత్రం 5 మెగాబైట్ల చొప్పున మొత్తం 1,000 మెగాబైట్లు, అనగా 8,000 మెగాబిట్లు అవుతుంది. పంపే వేగం సెకనుకు 4 మెగాబిట్లయితే ఈ పని సుమారు 33 నిమిషాలలో పూర్తవుతుంది. వేగం 1 మెగాబిట్టయితే రెండు గంటల పదమూడు నిమిషాలు పడుతుంది. భారత ప్రభుత్వం 2004లో ప్రకటించిన బ్రాడ్‌బ్యాండ్ విధానం ప్రకారం 256 కిలోబిట్ల వేగమే బ్రాడ్‌బ్యాండ్. ఆ వేగంతో ఇదే పనికి దాదాపు ఎనిమిది గంటల నలభై నిమిషాలు కావాలి. 2023లో ఆ కనీస వేగాన్ని 2 మెగాబిట్లకు పెంచారు. కాబట్టి ప్రకటనలో ‘బ్రాడ్‌బ్యాండ్’ అన్న మాట ఉన్నంత మాత్రాన సరిపోదు. అంకె ఎంత అని అడగాలి.

ఇక్కడ గమనించదగిన మరొక విషయమున్నది. ఇంటిలో సినిమా చూసేవానికి సమాచారం దిగుమతి అయ్యే వేగం, అనగా డౌన్‌లోడ్ వేగం ముఖ్యం. చీరల చిత్రాలు పంపేవానికీ, కొనుగోలుదారునికి దృశ్యసంభాషణలో వస్త్రాన్ని చూపేవానికీ అప్‌లోడ్ వేగం ముఖ్యం. ప్రకటనలలో పెద్ద అక్షరాలతో ముద్రించే అంకె చాలా సందర్భాలలో డౌన్‌లోడ్ వేగమే. అమ్మేవాడు అప్‌లోడ్ వేగాన్ని ప్రత్యేకంగా విచారించాలి.

పనులన్నిటికీ ఒకే ప్రాధాన్యం ఉండదు. యూపీఐ చెల్లింపుకు అతి తక్కువ వేగం చాలు. కాని అది కొనుగోలుదారుడు ఎదురుగా నిలబడి ఉన్నప్పుడు ఆగకూడదు. చిత్రాలు పంపడానికి ఎక్కువ సామర్థ్యం కావాలి. కాని అది రాత్రివేళ జరిగినా నష్టం లేదు. నిఘా కెమెరాల దృశ్యాలను దూరప్రాంతపు సర్వర్లకు నిరంతరం పంపితే ఒక్కొక్క కెమెరా సుమారు 2 మెగాబిట్ల అప్‌లోడ్ వేగాన్ని తీసుకోవచ్చు. ఆ దృశ్యాలను కేంద్రంలోని పెట్టెలోనే నిల్వ చేస్తే ఆ భారం ఉండదు. ఈ విధంగా ఆగకూడని పనులు, ఆలస్యమైనా ఫరవాలేని పనులు అని రెండు జాబితాలు రాసుకుంటే అవసరం స్పష్టమవుతుంది. ఇటువంటి చిన్న కేంద్రానికి అప్‌లోడ్, డౌన్‌లోడ్ సమానంగా ఉండే 20 నుండి 30 మెగాబిట్ల అనుసంధానం చాలు. 300 మెగాబిట్ల అనుసంధానం తీసుకొని వారానికొకసారి దాన్ని పోగొట్టుకోవడం కంటే 30 మెగాబిట్లది నిలకడగా ఉండడం మేలు.

3. అందుబాటులోని మార్గాలు

భారతదేశంలో ప్రజలకు అంతర్జాల సేవలు 1995 ఆగస్టు 15న ప్రారంభమైనాయి. ఆనాడు టెలిఫోను తీగే ఏకైక ఆధారం. నేడు మారుమూల గ్రామానికి ప్రధానంగా నాలుగు మార్గాలున్నాయి.

మొదటిది గాజుపోగు, అనగా ఆప్టికల్ ఫైబర్. వెంట్రుక వంటి సన్నని గాజుపోగులో కాంతి రూపంలో సమాచారం ప్రవహిస్తుంది. 1966లో ఈ అవకాశాన్ని సిద్ధాంతపరంగా నిరూపించిన ఛార్లెస్ కావ్‌కు 2009లో నోబెల్ బహుమతి లభించింది. రాగి తీగలో దూరం పెరిగేకొద్దీ వేగం తగ్గుతుంది. ఎక్స్ఛేంజికి నాలుగైదు కిలోమీటర్లు దాటితే బ్రాడ్‌బ్యాండ్ సంకేతం బాగా క్షీణిస్తుంది. గాజుపోగుకు ఈ బాధ లేదు. పిడుగు పడినప్పుడు రాగి తీగ వెంట విద్యుత్తు వచ్చి యంత్రాలను కాల్చివేయవచ్చు. గాజు విద్యుత్తును ప్రవహింపనీయదు.

గ్రామాలకు గాజుపోగును చేర్చే యత్నం 2011 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన జాతీయ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్ పథకంతో ఊపందుకొన్నది. ఆ పథకాన్ని మొదట ప్రయోగాత్మకంగా చేపట్టిన మూడు చోట్లలో అప్పటి విశాఖపట్నం జిల్లా పరవాడ ఒకటి. 2015లో ఆ పథకానికి భారత్‌నెట్ అన్న పేరు వచ్చింది. రాష్ట్రాలు తమతమ మార్గాలు వెతుక్కొన్నాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విద్యుత్ స్తంభాల మీదుగా తీగను లాగి, 2017 డిసెంబరు 27న ఫైబర్‌నెట్ పథకాన్ని రాష్ట్రపతి చేతుల మీదుగా ప్రారంభింపజేసింది. తెలంగాణ ప్రభుత్వం మిషన్ భగీరథ మంచినీటి గొట్టాలకోసం తవ్విన కందకాలలోనే ఫైబర్ గొట్టాలను కూడా వేసే పద్ధతిని ఎంచుకొన్నది. 2024 డిసెంబరులో టీ-ఫైబర్ సేవలు కొన్ని గ్రామాలలో ప్రయోగాత్మకంగా మొదలైనాయి.

ఈ రెండు పద్ధతులకు వేర్వేరు లాభనష్టాలున్నాయి. స్తంభాల మీది తీగ త్వరగా, చౌకగా వస్తుంది, గాలివానకు తెగుతుంది. 2014 అక్టోబరులో విశాఖను తాకిన హుద్‌హుద్ తుఫాను స్తంభాలను, టవర్లను కూల్చి సమాచార వ్యవస్థను స్తంభింపజేసిన సంగతి ఇందుకు సాక్ష్యం. భూమిలోని తీగకు గాలి భయం లేదు. కాని రహదారి విస్తరణకోసమో, మురుగుకాలువ కోసమో పొక్లెయిను తవ్వినప్పుడు తెగుతుంది.

రెండవది సెల్‌ఫోను టవరు ద్వారా లభించే 4జీ, 5జీ సేవ. దీనికి తవ్వకం అక్కరలేదు, ఆనాడే మొదలుపెట్టవచ్చు. కాని టవరు సామర్థ్యాన్ని ఆ ప్రాంతంలోని ఫోన్లన్నీ పంచుకొంటాయి. జనం పెరిగితే ఒక్కొక్కరి వాటా తగ్గుతుంది.

మూడవది గాలిలో సాగే వైఫై వారధి. సమీప పట్టణంలో ఎత్తైన చోట ఒక యాంటెన్నా, గ్రామంలో మరొక యాంటెన్నా ఎదురెదురుగా నిలిపి వాటి మధ్య సమాచారాన్ని పంపుతారు. 2000 దశకంలో పశ్చిమ గోదావరి జిల్లాలో బైర్రాజు ఫౌండేషన్ ‘అశ్విని’ పథకం కింద ఇటువంటి వారధులతోనే గ్రామాలకు విద్య, వైద్య సేవలను చేర్చింది. గోదావరి డెల్టా సమతలం గనుక అక్కడ చెట్లను మించిన టవరు నిలిపితే చాలును. గుట్టల నేలలో లెక్క వేరు. రెండు యాంటెన్నాలు ఒకదానికొకటి కంటికి కనిపించినంత మాత్రాన సరిపోదు. 5.8 గిగాహెర్ట్జ్ తరంగంతో 10 కిలోమీటర్ల వారధి వేసినప్పుడు, దారి మధ్యలో చూపుగీత చుట్టూ సుమారు 11 మీటర్ల వ్యాసార్థం గల ప్రదేశంలో తరంగం ప్రయాణిస్తుంది. అందులో కనీసం 60 శాతం, అనగా ఏడు మీటర్ల వరకు, అడ్డు లేకుండా ఉండాలి. ఒక రాతిగుట్ట అంచుగాని, తాటివనం కొసగాని ఆ మేరలోకి వస్తే సంకేతం బలహీనపడుతుంది. వానకు తడిసిన ఆకులు దాన్ని మరింత పీల్చివేస్తాయి. వేసవిలో పనిచేసిన వారధి వర్షాకాలంలో మొరాయించడానికి ఇదొక కారణం.

నాల్గవది ఉపగ్రహం. భూస్థిర ఉపగ్రహం 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. ఒక ప్రశ్న పైకి వెళ్ళి కిందికి రావాలి. దాని సమాధానం కూడా అట్లే పైకి వెళ్ళి కిందికి రావాలి. ఈ నాలుగు ప్రయాణాల దూరం లక్షా నలభై వేల కిలోమీటర్లకు పైమాటే. సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు పోయే తరంగానికి కూడా ఇందుకు దాదాపు అర సెకను పడుతుంది. ఈ-మెయిలుకు అది లెక్కలోనిది కాదు. సంభాషణలో మాత్రం ఒకరి మాట మీద మరొకరి మాట పడుతుంది. సుమారు 550 కిలోమీటర్ల ఎత్తున తిరిగే స్టార్‌లింక్ వంటి ఉపగ్రహాలతో ఈ జాప్యం బాగా తగ్గుతుంది. ఆ సంస్థకు 2025 జూన్‌లో భారత ప్రభుత్వ టెలికమ్యూనికేషన్ల శాఖ లైసెన్సు ఇచ్చింది. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యం వంటి చోట అడవిని తవ్వడానికి అనుమతులు కావాలి. టవర్లు దూరదూరంగా ఉంటాయి. అటువంటి చోట ఉపగ్రహ మార్గం విలాసం కాదు, అత్యవసరం. తీగ అందే చోట మాత్రం అది సాధారణంగా తొలి ఎంపిక కాజాలదు.

4. చోటును పరీక్షించడం

పటంలో సంకేతం ఉన్నట్లు రంగు వేసి చూపినంత మాత్రాన గదిలో సంకేతం ఉన్నట్లు కాదు. వ్యాపారం జరిగే గదిలోనే, వ్యాపారం జరిగే వేళలోనే పరీక్షించాలి. గుట్ట ప్రాంతంలో మంగళవారం మధ్యాహ్నం చేసిన పరీక్ష కార్తీక ఆదివారానికి చెల్లదు. ఆనాడు సత్యనారాయణ వ్రతాలకు వచ్చిన వేలాది భక్తుల చేతులలోని ఫోన్లు అవే టవర్లను ఆశ్రయిస్తాయి. సంకేతపు గీతలు నిండుగా కనిపిస్తాయి. చెల్లింపు మాత్రం ముందుకు సాగదు. గీతలు టవరు సంకేతం ఎంత బలంగా అందుతున్నదో చెబుతాయి, ఆ టవరుపై ఉన్న రద్దీని చెప్పవు. కాబట్టి కనీసం వారం రోజులపాటు, ఉదయం, మధ్యాహ్నం, రాత్రి మూడు వేళలా డౌన్‌లోడ్, అప్‌లోడ్, జాప్యం అనే మూడు అంకెలను పుస్తకంలో రాసుకోవాలి. ఆ వారంలో ఒక రద్దీ దినం తప్పక ఉండాలి.

విద్యుత్తును మరచిన పరీక్ష అసంపూర్ణం. ఫైబర్ ఎంత గొప్పదైనా, దాని చివరనున్న పెట్టెకు కరెంటు కావాలి. ఆ పెట్టెకూ రూటరుకూ చిన్న బ్యాటరీ చాలును. కాని గ్రామపంచాయతీ కార్యాలయంలోనో, మండల కేంద్రంలోనో ఉన్న పరికరానికి బ్యాటరీ లేకపోతే కేంద్రంలోని బ్యాటరీ నిరుపయోగం. కరెంటు పోయినప్పుడు ఆ ఊరిలో ఇప్పటికే అనుసంధానం ఉన్నవారికి అంతర్జాలం నిలుస్తున్నదా అని విచారించడమే దీనికి మంచి పరీక్ష.

5. రెండవ మార్గం

ఒక అనుసంధానం 99 శాతం కాలం పనిచేస్తుందంటే వినడానికి సంతృప్తికరంగా ఉంటుంది. సంవత్సరానికి 8,760 గంటలు. అందులో ఒక శాతం దాదాపు 88 గంటలు, అనగా మూడున్నర దినాలకు పైమాటే. ఆ గంటలు దసరాకు ముందు వారంలోనే రావచ్చు. పండుగకు ముందు వచ్చే ఆ మూడు దినాలే కేంద్రాన్ని మూసివేయించగలవు. గంటల సంఖ్య కంటే అవి ఏ గంటలన్నది ముఖ్యం.

ఇందుకు విరుగుడు మరింత ఖరీదైన ఒకే మార్గం కాదు. సాధారణమైన రెండు మార్గాలు. రెండూ 99 శాతం పనిచేసేవే అయి, ఒకదాని వైఫల్యానికి మరొకదానితో సంబంధం లేకపోతే, రెండూ ఏకకాలంలో ఆగే అవకాశం వందోవంతులో వందోవంతు. సంవత్సరానికి అది సుమారు 53 నిమిషాలు మాత్రమే. 88 గంటలు 53 నిమిషాలకు తగ్గడం ఇంత సులభంగా మరే విధంగానూ సాధ్యం కాదు.

అయితే ఈ లెక్కలోని నిబంధన కీలకమైనది. రెండు మార్గాలూ నిజంగా వేరైనవి కావాలి. రెండు వేర్వేరు సంస్థల తీగలు ఒకే స్తంభం మీదుగా వస్తే, ఆ స్తంభం కూలిన నాడు రెండూ పోతాయి. ఒకటి తీగ, మరొకటి సెల్‌ఫోను టవరు అయినా నిశ్చింత పనికిరాదు. ఆ టవరుకు సమాచారాన్ని చేరవేసేది కూడా సాధారణంగా గాజుపోగే. రెండూ ఒకే కందకంలో సాగితే పొక్లెయిను ఒక్క వేటుకు రెండింటినీ తెంచగలదు. దీన్ని కనుగొనడానికి పటాలు అక్కరలేదు. గతసారి ఊరి కేబులు తెగినప్పుడు ఫోనులో అంతర్జాలం వచ్చిందా అని ఊరివారిని అడిగితే చాలును. రాలేదన్న సమాధానం వస్తే మరొక దిక్కున ఉన్న టవరునో, మరొక సంస్థనో వెతకాలి. పేర్లు రెండైనంత మాత్రాన దారులు రెండు కావు.

6. ఒప్పందం, మరమ్మతు

నేతకారునికి మగ్గం మీద పోగు తెగడం నిత్యకృత్యం. పోగు తెగని మగ్గం లేదు. తెగిన పోగును వెంటనే ముడివేసే చేయి ఉన్నదా అన్నదే ప్రశ్న. గాజుపోగు విషయంలోనూ ఇదే న్యాయం వర్తిస్తుంది. తెగిన గాజుపోగును అతకడానికి ప్రత్యేక యంత్రం, శిక్షణ పొందిన మనిషి కావాలి. ఆ మనిషి భువనగిరిలో ఉంటాడా, హైదరాబాదు నుండి రావాలా, ఆదివారం వస్తాడా అనే ప్రశ్నలు వేగపు ప్రశ్న కంటే విలువైనవి.

ఒప్పందం మీద సంతకం చేసేముందు కొన్ని మాటలు లిఖితపూర్వకంగా పొందాలి. కనీస వేగమెంత? నెలకు నిర్ణీత పరిమాణం దాటితే వేగం తగ్గుతుందా? ఫిర్యాదు చేసిన ఎన్ని గంటలలో మరమ్మతు జరుగుతుంది? జరగకపోతే రుసుములో తగ్గింపు ఉంటుందా? గృహ వినియోగపు పథకాలు చౌకగా ఉండడానికి కారణం ఒకే సామర్థ్యాన్ని అనేకులు పంచుకోవడం. లీజు లైను ఖరీదు కావడానికి కారణం ఆ సామర్థ్యాన్ని ఒక్కరికే కేటాయించి, మరమ్మతు గడువుకు హామీ ఇవ్వడం. చిన్న వ్యాపారికి లీజు లైను భారం కావచ్చు. అటువంటప్పుడు రెండు మామూలు మార్గాలు ఆ హామీ స్థానాన్ని కొంతవరకు భర్తీ చేస్తాయి.

ఖర్చును నెలవారీ రుసుముతో మాత్రమే పోల్చరాదు. తీగ లాగే ఖర్చు, స్తంభం లేదా యాంటెన్నా ఖర్చు, బ్యాటరీల ఖర్చు, మూడు సంవత్సరాల రుసుము అన్నిటినీ కూడాలి. దానికి మరొక పద్దు చేర్చాలి: అనుసంధానం లేని దినాలలో పోయే అమ్మకం. చౌకగా కనిపించిన మార్గం ఈ చివరి పద్దు వద్ద ఖరీదైనదిగా తేలడం అరుదు కాదు.

7. నిర్ణయం

ఇప్పుడు ఆ ముగ్గురు యువకుల కేంద్రానికి తిరిగి రావచ్చు. గ్రామపంచాయతీ వరకు గాజుపోగు వచ్చి ఉంటే, అక్కడి నుండి కేంద్రం వరకు తీగ లాగించుకొని దాన్ని ప్రధాన మార్గం చేసుకోవడం ఉచితం. మరొక దిక్కున ఉన్న టవరు వైపు కప్పు మీద యాంటెన్నా తిప్పి 4జీ సేవను రెండవ మార్గంగా ఉంచుకోవాలి. ప్రధాన మార్గం ఆగినప్పుడు చెల్లింపులు, కొనుగోలుదారుల సందేశాలు రెండవ మార్గంలోకి మళ్ళాలి. ఛాయాచిత్రాలు రాత్రివరకు ఆగవచ్చు. ఊరికి గాజుపోగు ఇంకా రాకపోతే వైఫై వారధిని, అదీ సాధ్యం కాకపోతే 4జీని ప్రధాన మార్గంగా పరీక్షించాలి. అన్నీ విఫలమైన చోట ఉపగ్రహాన్ని ఆశ్రయించాలి. ఎన్ని ఏర్పాట్లు చేసినా బల్ల సొరుగులో ఒక కాగితపు రసీదు పుస్తకం ఉండడం అవమానం కాదు, ముందుచూపు.

మారుమూల అన్నది కేవలం దూరానికి పేరు కాదు. పాడైనదాన్ని బాగుచేసే చేయి అందని చోటే నిజమైన మారుమూల. హైదరాబాదుకు 60 కిలోమీటర్ల చేరువలోని ఊరు కూడా ఆ అర్థంలో మారుమూల కావచ్చు. ఆ చేయి అందుతుందో లేదో తెలుసుకొని, అందనినాటికి మరొక దారి సిద్ధం చేసుకొన్న వ్యాపారి ఊరిలోనే నిలబడగలుగుతాడు. అతనితోపాటు అతని ఊరి మగ్గం కూడా నిలబడుతుంది.

కఠిన పదాలు – అర్థాలు

అంతర్జాలం : ఇంటర్నెట్
జీవనాధారం : బ్రతుకుతెరువు
ఏకశిల : ఒకే రాయి
దళారి : మధ్యవర్తిగా లాభం పొందేవాడు
ఆసు : చిటికీ నేతకు నూలును చీలలకు చుట్టి అమర్చే ప్రక్రియ
కందకం : పొడవుగా తవ్విన గుంట
వారధి : వంతెన
జాప్యం : ఆలస్యం
నిత్యకృత్యం : ప్రతిదినం జరిగే పని

అభ్యాసం

I. ఈ క్రింది ప్రశ్నలకు 20 పంక్తులలో సమాధానం రాయండి.
1. మారుమూల వ్యాపారానికి అందుబాటులో ఉన్న నాలుగు అంతర్జాల మార్గాల గుణదోషాలను వివరించండి.
2. ‘పేర్లు రెండైనంత మాత్రాన దారులు రెండు కావు’ – ఈ వాక్యాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు 5 పంక్తులలో సమాధానం రాయండి.
1. అమ్మేవానికి అప్‌లోడ్ వేగం ఎందుకు ముఖ్యం?
2. గుట్ట ప్రాంతంలో రద్దీ దినాన పరీక్ష చేయవలసిన అవసరమేమిటి?
3. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు ఫైబర్ తీగను గ్రామాలకు చేర్చిన పద్ధతులలోని భేదమేమి?

III. ఏకవాక్య సమాధానం రాయండి.
1. లక్ష్మీ ఆసు యంత్రాన్ని రూపొందించినవారు ఎవరు?
2. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు ఏ సంవత్సరంలో లభించింది?
3. భూస్థిర ఉపగ్రహం ఎంత ఎత్తున ఉంటుంది?

IV. భాషాంశాలు
సంధులు : జీవనాధారం = జీవన + ఆధారం (సవర్ణదీర్ఘ సంధి); అత్యవసరం = అతి + అవసరం (యణాదేశ సంధి)
సమాసాలు : లాభనష్టాలు = లాభమును, నష్టమును (ద్వంద్వ సమాసం); నాలుగు మార్గాలు = నాలుగు సంఖ్య గల మార్గాలు (ద్విగు సమాసం)

V. ప్రాజెక్టు పని
మీ ఊరిలోని ఒక దుకాణదారుని అనుమతితో, అతని అంతర్జాల వేగాన్ని వారం రోజులపాటు మూడు వేళలా నమోదు చేయండి. ఆ వివరాల ఆధారంగా అతనికి తగిన మార్గాన్ని సూచిస్తూ ఒక పుట నివేదిక రాయండి.